నాలుగు పిస్టన్లు, ఒక కాలు

మా మామయ్యగారు ఈ ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పారు. మిగతా సగం మందికి పరిగెత్తుతూ రోడ్డు దాటడం ఆ సగం మందే నేర్పారు.

ఆయన స్కూలు నడిపారు, కారు నడిపారు, శిష్యుల్ని నడిపారు. అత్తయ్యగారిని మాత్రం నడపలేకపోయారు, ఆవిడే ఆయన్ని నడిపారు. స్కూలు కారులో రెండు బ్రేకులుండేవి. ఒకటి స్టీరింగు ముందు కూర్చున్న శిష్యుడిది, రెండోది పక్క సీట్లో గురువుగారిది. శిష్యుడు తొక్కాల్సిన చోట తొక్కకపోతే గురువుగారు తొక్కేవారు. కారు ఆగేది, శిష్యుడి గుండె ఆగేది, గురువుగారి నోరు మాత్రం ఆగేది కాదు. అందుకే ఊరంతా ఆయన్ని బ్రేకు మాస్టారంటుంది. "ఎంతమంది ప్రాణాలు ఈ కాలి కింద ఉన్నాయో లెక్కలేదు" అని కుడికాలు చూపించేవారు. ఆ మాట ఎవరినో తొక్కేసినట్టు వినపడుతుందని అత్తయ్యగారు ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు.

ఆయన దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకోలేనివాడు ఒక్కడే ఉన్నాడు. వాణ్ణే ఆయన అల్లుడిగా తెచ్చుకున్నారు. పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని "ఇంక ఆపు" అన్నాడు. నేను మాట్లాడటం ఆపాను. కారు వెళుతూనే ఉంది. అప్పుడు కూడా పక్కనుంచి ఎవరైనా తొక్కుతారేమోనని చూశాను గానీ, ఆ కారుకు ఒకటే బ్రేకుంది. ఇలాంటివాణ్ణి రోడ్డు మీద వదలడం క్షేమం కాదు, ఇంట్లో కట్టేసుకుంటే నలుగురికీ మంచిదని కాబోలు, మామయ్యగారు పిల్లనిచ్చి పైవాటాలో కాపురం పెట్టించారు.

స్టీరింగు పట్టుబడలేదు కాబట్టి నేను ఫ్రేములు పట్టాను. నాది కళ్ళజోళ్ళ కొట్టు. ఎవరి చూపు మందగిస్తే వాళ్ళకి అద్దం మందం చేసి పంపిస్తాను. పెళ్ళిచూపులు తప్ప అన్ని చూపులూ మా కొట్లో దొరుకుతాయి. అందులో నేను బాగా ఆరితేరింది మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోవడంలో. ఈ కథంతా అక్కడే వచ్చింది.

స్కూలు మూసేశాక మామయ్యగారు ఒక్క కారు ఉంచుకున్నారు. పక్క సీటు ముందున్న రెండో బ్రేకు పీకించేసి, నేలలో మిగిలిన బోల్టు కన్నాల మీద రబ్బరు చాప పరిచారు. "శిష్యులు లేరు, ఇంకెవరి కోసం?" అన్నారు. ఆ తర్వాత ఆయనకి మిగిలిన ఉద్యోగం ఒక్కటే. పొద్దున మా అమ్మాయి బుజ్జిని స్కూల్లో దింపడం. మా ఆవిడ తెల్లవారగానే ఆఫీసు బస్సు పట్టుకోవాలి, నాకు డ్రైవింగు రాదు, అత్తయ్యగారికి కారెక్కితే కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఆ ఉద్యోగానికి పోటీ లేదు, పదవీ విరమణా లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దాలు తుడిచి, సీటు బెల్టు స్వయంగా పెట్టి, "బుజ్జమ్మగారూ, బయలుదేరమంటారా?" అని అడిగేవారు. అది "పోనీ" అనేది. ఇంట్లో ఆయన అనుమతి అడిగే మనిషి అదొక్కతే.

మొదట గేటు స్తంభం దెబ్బతింది. కారు లోపలికి తెస్తూ గుద్దేశారు. బంపరు సొట్టపోయింది, స్తంభానికి పెచ్చు ఊడింది.

"బ్రేకు పట్టలేదు" అన్నారు.

"స్తంభం అక్కడుందని కొత్తగా తెలిసిందా?" అన్నారు అత్తయ్యగారు.

"స్తంభాన్ని తప్పు పట్టడం లేదే. బ్రేకే పట్టలేదంటున్నాను."

తర్వాత చెప్పు సంగతి. ఒక సాయంత్రం మందుల షాపు నుంచి నడిచి వచ్చారు. కుడికాలికి చెప్పు లేదు. వీధి మలుపులో ఎక్కడో జారిపోయింది. కాలి నిండా దుమ్ము, మడమ దగ్గర సన్నగా నెత్తురు. ఆయన మాత్రం హాల్లోకి వచ్చి, రెండు చెప్పులూ విడిచేవాడిలా గుమ్మం దగ్గర రెండు కాళ్ళూ విదిలించారు. ఒక చెప్పే పడింది. దానికేసి కొంచెంసేపు చూశారు. నేను పేపరు చదువుతున్నాను. అంటే చదువుతున్నట్టు పేపరు పట్టుకున్నాను. మామయ్యగారిలా షుగరు ఉన్నవాళ్ళకి కాళ్ళు మొద్దుబారతాయని నాకు తెలుసు. మా కొట్టుకి వచ్చేవాళ్ళు కళ్ళ గురించి మొదలుపెట్టి కాళ్ళ దగ్గరికే వెళ్తారు. పేజీ తిప్పాను.

మూడోది స్కూలు దగ్గర. ఆ మాట నాకు స్కూలు వాచ్‌మన్ చెప్పాడు. కొత్త జోడు కోసం వచ్చి, కుర్చీలో కూర్చుని, నేను వేసిన అద్దంలోంచి నన్నే చూస్తూ అన్నాడు.

"మీ మామగారి కారు నిన్న మా బోర్డు స్తంభాన్ని పడగొట్టింది సార్. ‘నెమ్మదిగా వెళ్ళండి’ అని రాసుంటుంది చూడండి, అదే."

"దెబ్బలు...?"

"పాప బాగానే ఉంది. నేనే గోడెక్కాను. సార్, ఒక మాట. కారు ఆగలేక కొట్టినట్టు లేదు. ఆగబోయినట్టే ఉంది, ఇంతలో ఇంజను గుర్రుమని ముందుకి దూకింది."

"బ్రేకు పట్టలేదేమో."

"ఏమో సార్. నాకు తెలిసిన బ్రేకులేవీ గుర్రుమనవు."

ఈ మాట నేను విన్నాను. విన్నది విన్నట్టు ఇంట్లో చెప్పాలి. చెప్పాలనే వెళ్ళాను. మామయ్యగారు భోజనాల బల్ల దగ్గర బుజ్జికి రోడ్డు గుర్తులు నేర్పుతున్నారు. ఉప్పుగిన్నె ఒక బస్సు, చెంచా ఒక లారీ. బుజ్జి గ్లాసుని అడ్డంగా తోసుకొస్తే, ఆయన అరచెయ్యి పెట్టి ఆపి, "ముందు చూసుకోవాలి, తర్వాత తోసుకోవాలి" అంటున్నారు. నేను నోరు తెరిచాను. పళ్ళెంలో ఏముందో అది నోట్లో పెట్టుకుని మూశాను.

"బ్రేకులు మార్పిస్తున్నాను" అన్నారు మామయ్యగారు. "మరమ్మతు కాదు. మార్పే. పెద్దవి. రేసు కార్లకి వేసే రకం. ముందు చక్రాలకి నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు."

"క్యాలిపర్లంటే కాళ్ళు బాగాలేనివాళ్ళకి వేస్తారే, అవా?" అన్నారు అత్తయ్యగారు. "కారుకెందుకు?"

మామయ్యగారి చెయ్యి ఉప్పుగిన్నె మీద ఆగింది. "అవి వేరు. ఇవి చక్రాన్ని పట్టుకునేవి" అన్నారు.

"మంచిదే కదా నాన్నా, పిల్ల ఎక్కే కారు" అంది మా ఆవిడ. నాకేసి చూసి, "ఏమంటారు?" అంది.

నా కూతురి ప్రాణం బల్ల మీద ఉంది. గ్లాసు రూపంలో, ఉప్పుగిన్నెకి ఎదురుగా. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగం కూడా అదే బల్ల మీద ఉంది. ఒకటి తీస్తే గానీ రెండోది మిగలదు. ఇంత తెలిసినవాడు ఏమనాలి? "నాలుగు పిస్టన్లంటే మంచివే" అన్నాను.

మా మెకానిక్కుని అందరూ గ్రీజు అంటారు. అతను కూడా మామయ్యగారి శిష్యుడే, కాకపోతే ఉత్తీర్ణుడు. మొదట కారు నడిపి చూసి, నిజం చెప్పాడు పాపం. "బ్రేకు బాగానే పడుతోంది గురువుగారూ."

"బాగా పడితే స్తంభం ఎందుకొచ్చి గుద్దింది?"

"స్తంభాలకి బ్రేకులుండవు కదండీ."

"వెటకారాలు వద్దు. పెద్దవి వెయ్యమన్నాను."

పెద్దవి అనగానే గ్రీజు కళ్ళు వెలిగాయి. ఏడాదంతా వైపర్లు మార్చుకునేవాడికి ఇలాంటి పని ఎప్పుడో గాని తగలదు. వారం తిరక్కుండా సామాను తెప్పించాడు. మామయ్యగారూ నేనూ కారు తీసుకెళ్ళేసరికి బల్ల మీద గుడ్డ పరిచి, వాటిని కవలపిల్లల్లా పడుకోబెట్టాడు. టమాటా పండు రంగులో, ఒక్కొక్కటి చిన్న ఇటుకంత ఉన్నాయి. చక్రంతో పాటు తిరిగే డిస్కులు కూడా కొత్తవి తెప్పించాడు. పాతవి టీ సాసరంత అయితే ఇవి భోజనం పళ్ళెమంత.

"ఇప్పుడున్నదానికి ఒకటే పిస్టను గురువుగారూ. ఒక పక్కనుంచి తోస్తుంది, రెండోపక్క దానంతటది లాక్కుంటుంది. ఇది చూడండి. అటు రెండు, ఇటు రెండు. రెండు చేతులా పీక పట్టుకున్నట్టు."

"ఎవరి పీక?" అన్నాను.

"డిస్కుదేనండీ అద్దాల సార్. ఇంక కారు ఎటు పోతుంది? తొక్కితే చచ్చినట్టు ఆగాల్సిందే."

"తొక్కితే" అన్నాను.

"తొక్కితేనే మరి. తొక్కకుండా ఆగడానికి ఇదేమన్నా ఎద్దుబండా?"

మామయ్యగారు కొత్త క్యాలిపరుని చేత్తో తడిమి చూస్తున్నారు. నాకేసి చూడలేదు.

పాత చక్రాలు పెడితే కొత్త క్యాలిపరు లోపల రాసుకుంటోంది. గ్రీజు దానికీ సిద్ధంగానే ఉన్నాడు, పెద్ద చక్రాలు తెచ్చాడు. మధ్యాహ్నానికి బిగింపులన్నీ అయ్యాయి. చక్రాల చువ్వల సందుల్లోంచి ఎర్రగా కనపడుతున్నాయి. కారుకి వయసైపోయాక పెదాలకి రంగేసినట్టుంది. మిగిలింది గాలి తీయడం.

బ్రేకు గొట్టాల్లో నూనె ఉండాలి, గాలి ఉండకూడదు. నూనెని నొక్కితే నలగదు, గాలిని నొక్కితే నలిగిపోతుంది. నలిగిందంటే కాలు కిందికి దిగుతుంది గాని కారు ఆగదు. గాలి మాటలు చెప్పేవాడు కాపురంలో ఎందుకు నలిగిపోతాడో నాకు ఆ రోజు అర్థమైంది. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు చక్రం దగ్గర కూర్చుని క్యాలిపరు మీదున్న చిన్న మరని వదులు చేసి, గొట్టం పెట్టి, బుడగలతో వచ్చే నూనెని సీసాలో పట్టాలి. ఇంకొకడు లోపల కూర్చుని వాడు చెప్పినప్పుడల్లా బ్రేకు తొక్కాలి, పట్టాలి, వదలాలి. కింద ఉన్నవాడికి పైన ఉన్నవాడి కాలు కనపడదు. మాటే నమ్ముకోవాలి.

"గురువుగారూ, మీరు కూర్చోండి. తొక్కడంలో మిమ్మల్ని మించినవాడెవడు?" అన్నాడు గ్రీజు. నన్ను బానెట్టు దగ్గర నిలబెట్టాడు. అక్కడ తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది, దాని మీద గీత ఉంది. "నూనె ఈ గీత దగ్గరికి దిగుతూ ఉంటుంది. దిగితే పొయ్యండి. పొయ్యకపోతే మళ్ళీ గాలి దూరుతుంది, మళ్ళీ మొదటికొస్తాం. చూస్తూ ఉండటమే మీ పని."

నాకు సరిగ్గా సరిపోయిన పని.

"తొక్కండి."

"తొక్కా."

"పట్టండి."

"పట్టా."

"వదలండి."

"వదిలా."

వెనక చక్రాలు రెండూ సాఫీగా అయ్యాయి. ఇద్దరూ ఎప్పటినుంచో పాడుకుంటున్న జంటపాటలా ఉంది. నా డబ్బాలో నూనె కొంచెం కొంచెంగా దిగుతోంది, నేను పోస్తున్నాను. గ్రీజు ముందు చక్రం దగ్గరికి వచ్చాడు.

"తొక్కండి."

"తొక్కా."

"పట్టండి."

"పట్టా."

గ్రీజు మర వదిలాడు. ఏమీ రాలేదు. "పట్టారా గురువుగారూ?"

"పట్టానంటున్నాగా."

"ఒక్క చుక్క రావట్లేదే. మళ్ళీ. వదలండి. తొక్కండి. పట్టండి."

"పట్టా."

నేను డబ్బాకేసి చూశాను. నూనె కదలలేదు. కొంచెం కూడా. గ్రీజు మర పూర్తిగా ఊడదీసి, కన్నంలోకి ఊది, "కొత్త సామానులో కూడా చెత్తేనా" అని తిట్టుకుంటూ మళ్ళీ బిగించాడు.

"తొక్కండి."

"తొక్కా." మామయ్యగారి గొంతులో విసుగు. "ఇంకెంత తొక్కమంటావు? నేల దాకా తొక్కాను."

నూనె కదలలేదు. నూనెకి మొహమాటం లేదు. నేను సీసా కింద పెట్టి, డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. మామయ్యగారు స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, నిటారుగా కూర్చుని, ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తున్నారు. శిష్యులకి నేర్పిన భంగిమే. కుడికాలి చెప్పు ఎప్పుడో జారి పక్కన బోర్లా పడింది. కుడికాలు నేల దాకా దిగి ఉంది. నిజంగానే నేల దాకా తొక్కారు.

ఆ కాలు బ్రేకు మీద లేదు. యాక్సిలరేటరు మీద ఉంది.

ఇంజను ఆపేసి ఉంది కాబట్టి ఏమీ కాలేదు. గ్యారేజీలో ఏ చప్పుడూ లేదు. గ్రీజు సీసాలో గొట్టం సర్దుకుంటున్న చప్పుడు తప్ప. వాచ్‌మన్ మాట మాత్రం నాకు గట్టిగా వినపడింది.

"మామయ్యా."

"ఏమిటి?"

"నూనె దిగట్లేదు."

"తొక్కుతూనే ఉన్నాగా."

ఇక్కడ మగాడన్నవాడు ఒక మాట అనాలి. నేను వేరే మాటన్నాను. "మీకు నడుం పట్టేసుంటుంది. కాసేపు దిగండి, నేను తొక్కుతాను."

"నీకు తొక్కడం వచ్చా?"

"మీరే కదా నేర్పారు."

"నేర్పాను. రాలేదు" అంటూ నా మొహంలోకి చూశారు. నేను ఆయన మొహంలోకి చూడటం లేదు. నా చూపు ఎక్కడుందో ఆయన వెతుక్కున్నారు. అద్దాలవాడి చూపు దొంగచూపు కాలేదు కదా, దొరికిపోయింది. ఆయన కూడా తల వంచి కిందికి చూశారు.

చాలాసేపు చూశారు. పక్కింటివాళ్ళ వస్తువేదో తన ఇంట్లో కనపడినట్టు.

"పట్టారా గురువుగారూ?" అన్నాడు కిందనుంచి గ్రీజు.

మామయ్యగారు స్టీరింగు వదిలి, రెండు చేతులతో మోకాలి దగ్గర ప్యాంటు పట్టుకుని, కాలిని ఎత్తారు. కుర్చీ జరిపినట్టు జరిపి బ్రేకు మీద పెట్టారు. అరచేత్తో తొడ మీద అదిమారు. "పట్టా" అన్నారు.

"ఆఁ, వచ్చింది వచ్చింది" అన్నాడు గ్రీజు. "బుడగలు చూడండి, సోడాలాగా."

నేను బానెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. గీత దగ్గరికి దిగుతోంది. పోశాను. ఒక్కో క్యాలిపరుకి రెండేసి మరలు. అన్నిటికీ గాలి తీసేదాకా ఆయన ఇంక తల ఎత్తలేదు. కాలికేసే చూస్తూ తొక్కారు, చూస్తూ పట్టారు, చూస్తూ వదిలారు. రోడ్డు మీద అలా చూస్తూ నడిపితే ఏమవుతుందో ఆయన నేర్పిన మొదటి పాఠంలోనే ఉంది.

పని అయిపోయింది. గ్రీజు చక్రాలు బిగించి, చేతులు తుడుచుకుంటూ, "కొత్త ప్యాడ్లు కదా, డిస్కుకి కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద స్పీడు పెంచడం, గట్టిగా తొక్కడం, ఒక పదిసార్లు అలా చేస్తే కుదురుకుంటాయి. చేతులు కడుక్కొస్తా, మనం ముగ్గురం ఒక రౌండేద్దాం" అని వెనక్కి వెళ్ళాడు.

నేను పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్ళ కింద రబ్బరు చాప. దాని కింద బోల్టు కన్నాలు తెలుస్తున్నాయి.

"నీకెప్పుడు కనపడింది?" అన్నారు మామయ్యగారు.

"ఇప్పుడే."

"అబద్ధమాడితే అద్దంలా కనపడేలా ఆడతావేం? నీ వ్యాపారం అదేనా?"

"చెప్పు పోయిన రోజు" అన్నాను.

"పేపరు తలకిందులుగా పట్టుకున్నావు ఆ రోజు."

అది నాకు తెలియదు. ఆయన కాళ్ళు కదపకుండా కూర్చున్నారు. నేను అడగలేదు. ఆయనే చెప్పారు.

"మొదట వేళ్ళు పోయాయి. తర్వాత పాదం. ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. చీకట్లో పిల్లిలాగా. స్కూలు దగ్గర బ్రేకే తొక్కాననుకున్నాను. కారు దూకింది. ఇంకా గట్టిగా తొక్కాను. ఇంకా దూకింది. బుజ్జి ‘తాతయ్యా’ అంది. ఏం చేశానో నాకు తెలియదు, ఎలా ఆగిందో తెలియదు. స్తంభం ఆపింది."

"మరి తెలిసి ఈ బ్రేకులు..."

"నీ కొట్లో ఏం చేస్తావు? చూపు తగ్గితే అద్దం మందం చేస్తావు. ఎవరైనా తప్పు పడుతున్నారా? కాలు తగ్గింది. బ్రేకు మందం చేశాను. కొంచెం తగిలినా పట్టుకునేలాంటిది వేస్తే, ఆ మిగిలిన కాస్త కాలుతోనే..." ఆయన ఆగారు. ఆ మాటకి గొట్టంలో గాలి ఉంది, నొక్కితే నలిగిపోయింది. "తప్పా?"

కాలం కలిసిరానివాళ్ళకి చెప్పే మాటలు నా దగ్గర బోలెడున్నాయి. కాలు కలిసిరానివాడికి చెప్పడానికి మా కొట్టు సంగతే దొరికింది.

"చూపు పూర్తిగా పోయినవాళ్ళు కూడా మా కొట్టుకి వస్తారు మామయ్యా. ఎంత మందం చేసినా రాదు. వాళ్ళకీ తెలుసు. అయినా వస్తారు."

"వస్తే ఏం చేస్తావు?"

"కుర్చీ వేసి టీ ఇస్తాను. ఇంకేం చెయ్యాలో తెలియదు నాకు."

మామయ్యగారు తాళం చెవి తిప్పకుండానే తీసి, ఒళ్ళో పెట్టుకున్నారు. బయట రోడ్డు మీద ఎవరో కుర్రకారు మోటారుసైకిలు గుర్రుమనిపించుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయేదాకా వినీ వినీ, "అయితే టీ చెప్పు అల్లుడూ" అన్నారు.

మమ్మల్ని గ్రీజే ఇంటికి తీసుకొచ్చాడు. తనెందుకు నడపాల్సి వచ్చిందని అడగలేదు. గురువుగారు తన చేత పరీక్ష చేయిస్తున్నారని అనుకున్నాడు, దాంతో మరీ ఉత్సాహం. మేమిద్దరం వెనక సీట్లో, బడి నుంచి తెస్తున్న పిల్లల్లా కూర్చున్నాం. ప్రతి కూడలి దగ్గరా గ్రీజు కావాలని దూసుకెళ్ళి తొక్కాడు. కారు మేకు కొట్టినట్టు ఆగేది. మేమిద్దరం ముందుకి వంగి, ముందు సీటు వీపులకి దణ్ణం పెట్టేవాళ్ళం.

"ఎలా పట్టింది గురువుగారూ?"

"బాగా పట్టింది."

"నేను చెప్పలా?"

ఆగిన ప్రతిసారీ మామయ్యగారి కుడికాలికేసి చూశాను. తొక్కుతూనే ఉంది. ఒకసారి నా పాదం మీద. పూర్తి బరువు వేసి తొక్కారు. ఆయనకి తెలియలేదు. నేను తీయలేదు.

ఇంటి ముందు అందరూ గుమిగూడారు. బుజ్జి ముందు చక్రం దగ్గర చతికిలబడి ఎర్రరంగు మీద వేలు పెట్టబోతే, "వద్దు, కాలుతుంది" అన్నారు మామయ్యగారు. అత్తయ్యగారు ఆ పక్కనుంచి చూసి, "ఇంత చేసి కనపడేది ఇంతేనా" అన్నారు. మా ఆవిడ నవ్వుతూ, "ఇంక భయం లేదు. రేపట్నించి నిశ్చింతగా ఆఫీసుకెళ్తాను" అంది.

నేను మామయ్యగారికేసి చూశాను. ఆయన నాకేసి చూడలేదు.

"రేపట్నించి కాదమ్మా" అన్నారు. "కొత్త ప్యాడ్లు కుదురుకోవాలి. కుదురుకునేదాకా పిల్లని ఎక్కించకూడదు. మీ ఆయన నడిపించుకెళ్తాడు."

"ఎన్నాళ్ళు పడుతుంది నాన్నా?"

"చెప్పలేం. ఒక్కో బండికి ఒక్కోలా."

మా ఆవిడ నావైపు తిరిగింది. "నిజమేనా?"

పదిసార్లు తొక్కితే కుదురుకుంటాయని గ్రీజు చెప్పాడు. ఇంటికొచ్చే దారిలోనే అంతకన్నా ఎక్కువే తొక్కాడు. "గ్రీజు కూడా అదే అన్నాడు" అన్నాను.

ఇప్పుడు పొద్దున బుజ్జిని నేనే స్కూలుకి నడిపిస్తున్నాను. నేను నడిపించగలిగింది అదొక్కటే. పిల్ల క్షేమంగా ఉంది, అది చాలనుకోవాలి. అనుకుంటున్నాను. మేం బయలుదేరే వేళకి మామయ్యగారు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దాలు తుడిచి, షెడ్డులో ఉన్న కారెక్కి కూర్చుంటారు. ఇంజను వెయ్యరు. తల వంచుకుని కాలికేసి చూస్తూ తొక్కుతారు, పడతారు, వదులుతారు. కారు వెనక భాగం గేటువైపు ఉంటుంది కాబట్టి మాకు ఆయన కనపడరు. తొక్కినప్పుడల్లా వెనక వెలిగే ఎర్ర దీపాలు మాత్రం కనపడతాయి. వెలుగుతాయి, ఆరతాయి, వెలుగుతాయి.

"తాతయ్యా, ఇంకా కుదురుకోలేదా?" అని గేటు దగ్గరనుంచి రోజూ అరుస్తుంది బుజ్జి.

"ఇంకా లేదు బుజ్జమ్మగారూ."

నిన్న దీపాలు వెలిగి, చాలాసేపు అలాగే ఉన్నాయి. అంతసేపు ఎప్పుడూ లేవు. బుజ్జి కూడా నడవడం మానేసి చూసింది. లోపల మామయ్యగారు కిటికీలోంచి తల బయటపెట్టి, మావైపు తిరిగి, చెయ్యి ఊపారు. మొహం వెలిగిపోతోంది.

ఆయన అలా మావైపు తల తిప్పగానే దీపాలు ఆరిపోయాయి.

"ఇవాళ వదల్లేదు అల్లుడూ" అన్నారు. "ఇదిగో, ఇప్పటికీ పట్టే ఉన్నాను. చూస్తున్నావా?"

బుజ్జి నాకేసి తల ఎత్తి చూసింది. అది దీపాలు చూసిందో లేదో నాకు తెలియదు.

"చూస్తున్నాను మామయ్యా" అన్నాను.